పొద్దు గ్రుంకిన పిమ్మట సూదిపని

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున అలబామా యను రాష్ట్రము కలదు. అందు విల్కాక్సు జిల్లాలో, అలబామా నది గుఱ్ఱపు లాడమువలె వంగి మూడు ప్రక్కల చుట్టివచ్చు నేల యొకటి యున్నది. దానికి జీస్ బెండ్ అని పేరు. బెండ్ అనగా వంపు. జీ యనునది ఆ వంపులో మొట్టమొదట ప్రత్తితోట వేసిన దొర యింటిపేరు. ఆ యూరి నీగ్రో స్త్రీలని పూర్వము పిలువబడిన నల్లజాతి స్త్రీలు పాతగుడ్డలతో కుట్టిన బొంతలు 2002వ సంవత్సరమున హ్యూస్టను నగరపు లలితకళల ప్రదర్శనశాలలోను, ఆ పిమ్మట న్యూయార్కులోని విట్నీ ప్రదర్శనశాలలోను గోడలకు వ్రేలాడదీయబడెను. 2006లో అమెరికా తపాలాశాఖవారు ఆ బొంతలలో పదింటి చిత్రములతో బిళ్ళలు వేసిరి. చూడవచ్చినవారు రంగుల పొందికను, పట్టెల యమరికను మెచ్చుకొనిరి. పత్రికలవారు వానిని గొప్ప చిత్రకారుల పటములతో పోల్చి వ్రాసిరి.

అవి మెచ్చుకొనదగినవే. కాని తోటపని యెఱిగిన కుటుంబములవారికి ఆ బొంతలను చూడగానే పుట్టు ప్రశ్న వేఱు. తెల్లవారినది మొదలు పొద్దు గ్రుంకువఱకు ప్రత్తిచేలో నడుము వంచి, ఇల్లు చేరి, పొయ్యి రాజవేసి, బిడ్డలకింత పెట్టి పండుకొనబెట్టిన స్త్రీ, ఆ మీదట సూదిలో దారమెక్కించుటకు ఓపిక యెక్కడనుండి తెచ్చుకొనెను? ఒకనాడు గాదు, ఒక యేడు గాదు. తల్లి, కూతురు, మనుమరాలు, ఇట్లు తరతరముల స్త్రీలు ఆ పని చేసిరి. జీస్ బెండ్ చరిత్రలో దీనికి సమాధానము కొంత దొరకును.

జోసెఫ్ జీ యనునతడు 1816లో ఉత్తర కరోలినానుండి వచ్చి యీ నేలను సంపాదించెను. అతని వారసులు అప్పులపాలై, 1845లో మార్కు పెట్వే యనువానికి తామియ్యవలసిన 29,000 డాలర్ల బాకీక్రింద తోటను, తోటతోపాటు బానిసలను అప్పగించిరి. మఱుసటి యేట పెట్వే కుటుంబము తరలివచ్చెను. దొరవారు బండ్లమీద వచ్చిరి. వారి బానిసలు సుమారు నూర్గురు ఉత్తర కరోలినానుండి అలబామావఱకు కాలినడకను వచ్చిరి. దొర యింటిపేరే వారికిని పెట్టబడెను. 1865లో బానిసత్వము రద్దయిన తరువాతను ఆ పేరు వారిని విడువలేదు. నేటికిని ఆ యూరిలో చాలమంది పెట్వేలే. వారిలో ఒకరికొకరు రక్తసంబంధము లేనివారును పెక్కుమంది కలరు.

పేరు విడువనట్లే పనియు విడువలేదు. బానిసలుగా దున్నిన నేలనే వారు పాలికి దున్నసాగిరి. విత్తనములు, ఎరువు, పిండి, గుడ్డ మొదలైనవన్నియు వర్తకునియొద్ద అరువు. ప్రత్తి తీసిన పిమ్మట లెక్క చూచినచో బాకీ తీరిన యేడు అరుదు. మలయా రబ్బరుతోటలకు కంగాణిచేతినుండి ముందుసొమ్ము పుచ్చుకొని పోయిన తెలుగు కుటుంబములలో ఇట్టి లెక్కలనుగూర్చి తాతలు చెప్పిన మాటలు ఇంకను నిలిచియుండును. 1927లో పౌను ప్రత్తి యించుమించు 20 సెంట్లు పలికెను. 1931లో 6 సెంట్లకు తగ్గిపోయెను. 1932లో జీస్ బెండువారికి అరువిచ్చిన వర్తకుడు మరణింపగా, అతని భార్య బాకీక్రింద చేతికి దొరికినదెల్ల తీసికొనిరమ్మని మనుష్యులను పంపెను. అరువదికి పైబడిన కుటుంబముల కంచరగాడిదలు, ఆవులు, పందులు, కోళ్ళు, నాగళ్ళు, గాదెలోని మొక్కజొన్నలు, చిలగడదుంపలుకూడ పోయెను. ఆ శీతకాలమున రెడ్ క్రాస్ సంఘమువారు పంపిన పిండియే ఆ యూరివారి ప్రాణములు నిలిపెను.

బొంతల మాట యిక్కడనే వచ్చును. ఆనాటి యిండ్లు దుంగలతో కట్టినవి. దుంగల నడుమ సందులలో మట్టి కూరెడివారు. ఆ మట్టి రాలినప్పుడు గాలి లోపలికి వచ్చెడిది. గోడలకు లోపలిప్రక్క పాత వార్తాపత్రికలను పిండిజిగురుతో అంటించెడివారు. 1937లో ప్రభుత్వము పంపగా వచ్చిన ఆర్థరు రోత్‌స్టీను అను ఛాయాచిత్రకారుడు తీసిన చిత్రములలో ఆ కాగితపు గోడలు స్పష్టముగా కనబడును. జనవరి మాసమున అక్కడ మంచు గడ్డకట్టును. ఒక మంచముమీద ముగ్గురు నలుగురు బిడ్డలు పండుకొందురు. కప్పుకొనుటకు కొన్న కంబళి లేదు. కావున మొట్టమొదట ఓపిక నిచ్చినది చలి. బిడ్డ వణకుచుండగా తల్లికి నిద్ర పట్టదు. నిద్రపట్టని వేళ చేతికి పని దొరకెను. దీనిని కళాభిమానమనుటకంటె అవసరమనుటయే న్యాయము.

ఇందులో నొక విపరీతము కలదు. ఈ స్త్రీలు ఏటేట బస్తాలకొలది ప్రత్తి తీసిరి. వారి బొంతలో నింపుటకు మాత్రము దూది లేదు. తీసిన ప్రత్తి వర్తకుని బాకీకి పోయెను. చేలో కోత ముగిసిన పిదప కాయలకు అంటుకొని మిగిలిన పీచును, గింజలు తీయు యంత్రపుశాలలో నేలమీద పడిన తుక్కును ఊడ్చి తెచ్చుకొని, కఱ్ఱలతో బాది దుమ్ము పోగొట్టి, ఆ దూదిని బొంత నడుమ పఱచెడివారు. అడుగుభాగమునకు పిండిసంచులు, ఎరువుల సంచులు విప్పి యుడుకబెట్టి వాడెడివారు. పైభాగమునకు మగవారి పనిదుస్తులు, ఆడువారి చినిగిన గౌనులు, పక్కదుప్పట్ల అంచులు. తెలుగుదేశపు ముసలమ్మలు పాతచీరలను మడతలుగా పఱచి కుట్టు బొంత యెట్టిదో ఇదియు నట్టిదే. అయితే ఇందులో పైగుడ్డ ముక్కముక్కగా అతుకబడును, నడుమ దూది యుండును.

అలసట మాట కొచ్చినచో, ఆ పని యమరిక యెఱిగినగాని సంగతి తెలియదు. బొంతపని రెండు విధములు. ముక్కలను అతికి పైభాగమును సిద్ధపఱచుట యొకటి. పైభాగము, దూది, అడుగుగుడ్డ, ఈ మూడింటిని చట్రమున బిగించి కలిపి కుట్టుట రెండవది. మొదటిది ఎవరి యింట వారు ఒంటరిగా చేసికొను పని. రెండవది పదిమంది కూడి చేయు పని.

ఒంటరిపనికి గొప్ప సౌకర్య మొకటి యున్నది: దానిని ఎక్కడనైన ఆపవచ్చును. పొయ్యిమంట వెలుగులోనో, కిరసనాయిలు దీపము వెలుగులోనో కూర్చుండి ఒక పట్టెకు మఱొక పట్టె అతుకుట ఏపాటి పని? అది ముగిసిన చాలును. రెప్పలు వాలినచో ముక్కలను బుట్టలో వేసి పండుకొనవచ్చును. మఱునాడు అక్కడనుండియే అందుకొనవచ్చును. అంతయు ఒకే రాత్రి చేయవలెనని కూర్చున్నచో ఏ స్త్రీయు ఒక్క బొంతయైన ముగించి యుండదు. మఱియు వారు కొలబద్దలు పెట్టి కత్తిరించువారు కారు. గుడ్డను చేతితో చించి, చినిగినంత మేర వాడుకొనెడివారు. అంచు వంకరపోయినచో ప్రక్కముక్కను దానికి తగినట్లు సర్దుకొనెడివారు. అచ్చుకాగితములలోని నమూనాలను అనుసరింపక తమకు తోచినరీతిని కుట్టిన బొంతలను వారు 'నా తీరు' బొంతలని పిలిచెడివారు. తప్పు పోవునేమో యను భయము లేనిచోట అలసిన చేయి తేలికగా ఆడును. విట్నీ ప్రదర్శనశాలలో జనులు మెచ్చిన ఆ వంకరగీతలలో కొన్నింటికి మూలము గుడ్డ చాలకపోవుటయు, పొద్దు చాలకపోవుటయు అని చెప్పిన తప్పుగాదు. నమూనాల పేర్లలో 'ఇంటికప్పు' అనునది మిక్కిలి వాడుకలోనిది. నడుమ నొక చదరపు ముక్క పెట్టి దానిచుట్టు పట్టెలు త్రిప్పుకొనుచు పోవుదురు. నిలువు పట్టెలను మాత్రమే ప్రక్కప్రక్కన అతికిన తేలికపాటి బొంతకు 'సోమరిపిల్ల' యని పేరు. ఆ పేరు పెట్టినవారు రోజంతయు చేలో తొలికపట్టిన ఆడువారని తలంచినప్పుడు ఎవరికైనను నవ్వు వచ్చును.

ఇక చట్రము పని. నాలుగు కఱ్ఱలను చేర్చి కట్టిన చట్రముచుట్టు ఇరుగుపొరుగు స్త్రీలు చేరుదురు. ఈనాడు ఒకరియింట, మఱునాడు మఱొకరియింట. ప్రత్తి తీయుట ముగిసి, మరల దున్నుట మొదలుగాని శీతకాలపు దినములు దీనికి అనుకూలములు. సూదులు నడచుచుండగా ప్రార్థనలు చేయుదురు, కీర్తనలు పాడుదురు, ఊరి మంచిచెడ్డలు చెప్పుకొందురు. చిన్నపిల్లలు చట్రముక్రింద కూర్చుండి, పైనుండి సూదిమొనలు దిగుచు లేచుచుండుట చూచుచుందురు. వారి మొదటి బడి అదియే. రోత్‌స్టీను 1937లో తీసిన చిత్రములలో జోరీనా పెట్వే యను స్త్రీ యిద్దఱు బాలికలను దగ్గఱ నుంచుకొని బొంత కుట్టుచుండుట కలదు. ఒంటరిగా కూర్చున్న స్త్రీ యలసి సూది యాపినచో పని యాగును. పదిమందిలో ఒకతె సూది యాగినను చట్రము ఆగదు. పాట ఒకరు విడిచిన చోట మఱొకరు అందుకొందురు. ఒక్కతె కున్న ఓపిక చాలని పనికి పదిమంది ఓపికను కలిపి వాడుకొనుట వారు నేర్చిన యుపాయము.

చలియే కారణమైనచో చలి తగ్గగానే పని ఆగవలసినది. అట్లు కాలేదు. 1937లో ప్రభుత్వమువారు ఆ పాత తోటను కొని, కొంతకాలమునకు క్రొత్త పలకయిండ్లు కట్టించి, తక్కువ వడ్డీ ఋణములతో నేలను ఇండ్లను ఆ కుటుంబములకే అమ్మిరి. దక్షిణదేశమున నల్లవారికి తాము దున్నిన నేల తమదగుట ఆ దినములలో మిక్కిలి అరుదు. క్రొత్త యిండ్లలో గాలి దూరు సందులు లేవు. అయినను సూదులు మూలబడలేదు.

దీనికి మిస్సోరీ పెట్వే బొంత యొక నిదర్శనము. ఆమె భర్త చేలో పనిచేయుచు బ్రతికినవాడు. అతడు మరణించిన తరువాత 1942లో ఆమె అతని పనిదుస్తులను తీసి, ముక్కలు చేసి, బొంతగా కుట్టెను. అతనిని మఱవకుండుటకును, ఆ ప్రేమక్రిందనే పండుకొనుటకును ఆ గుడ్డలు వాడుచున్నానని తల్లి తనతో చెప్పినట్లు కూతురు అర్లోంజియా పెట్వే పిమ్మట తెలిపెను. ఆ కూతురే తల్లితో కూర్చుండి ఆ పనిలో సాయపడెను. చేలో ధరించు గుడ్డ మోకాళ్ళవద్ద వెలిసిపోవును. జేబు ఊడదీసినచోట మాత్రము మొదటి నీలము నిలిచియుండును. అట్టి గుడ్డ చేతికి వచ్చినప్పుడు అది ధరించినవాని నడక, కూర్చుండు తీరు అందు అచ్చుపడియుండుట ఇల్లాలికి తెలియకపోదు. అలసట మఱపించునది సుఖము మాత్రమే గాదు, దుఃఖముకూడ కావచ్చును.

అందఱికిని సూదిపనియందు ప్రీతి యుండెనని మాత్రము చెప్పరాదు. లొరెట్టా పెట్వే యను నామె తనకు కుట్టుపని యిష్టము లేదనియు, చేయవలసివచ్చి చేసితిననియు దాచక చెప్పెను. ఇల్లు చల్లనిది; బిడ్డలు కలరు; సాయము చేయువారు లేరు. చేలోనుండి వచ్చి, ఇంటిపని ముగించి, ఇష్టము లేకయే ఆమె సూది పట్టెను. ఉత్సాహము వచ్చినప్పుడు పని చేయుదమని కూర్చున్నవారికి ఈమె సంగతి ఆశ్చర్యము గొలుపును: 2006లో తపాలాశాఖవారు ఎన్నుకొన్న పది బొంతలలో రెండు ఈమె కుట్టినవి! 2015లో అమెరికా ప్రభుత్వపు కళానిధి సంస్థ ఈమెకును, మేరీ లీ బెండాల్ఫు, లూసీ మింగో అను నిద్దఱికిని జాతీయ గౌరవ మొసంగెను. ఇష్టము లేని పనిలో ఇంత నేర్పు ఎట్లు కుదిరెనని అడుగుటకంటె, ఇష్టాయిష్టములు విచారించు తీరిక ఆ యింట లేకుండెనని గ్రహించుట మేలు.

1962లో ఊరినుండి నది దాటి కామ్డెను పట్టణమునకు పోవు బల్లకట్టు ఆపివేయబడెను. ఆ పట్టణముననే ఓటు హక్కుకై పేరు వ్రాయించుకొనవలెను. బల్లకట్టు లేనిచో రోడ్డుమీద చుట్టి పోవలెను. 1965 ఫిబ్రవరిలో వానకురియు నొక రాత్రి మార్టిన్ లూథర్ కింగ్ జీస్ బెండుకు వచ్చి అక్కడి బాప్టిస్టు దేవాలయములో మాటలాడెను. ఆ యేడు పేర్లు వ్రాయించుకొనపోయిన కుటుంబములలో పెక్కింటికి ఆ ప్రాంతములలో పని పోయెను, పాలికి దున్నుకొను నేల పోయెను, కొందఱికి తలదాచుకొను ఇల్లు పోయెను. నది మీద బల్లకట్టు మరల నడచుట 2006లో గాని జరుగలేదు.

ఆ 1965 చివరను ఫ్రాన్సిస్ వాల్టరు అను ఎపిస్కోపల్ సంఘపు గురువు ఆ జిల్లాలో తిరుగుచు, ఒక గుడిసె ముంగిట తీగమీద ఆరవేసిన బొంతలను చూచెను. పది డాలర్ల చొప్పున పెక్కు బొంతలను కొని న్యూయార్కునకు పంపి 1966 మార్చిలో వేలము వేయించెను. ఆ నెలలోనే అరువదిమందికి పైగా స్త్రీలు కూడి 'స్వేచ్ఛా బొంతల సంఘము' అను సహకార సంఘమును స్థాపించిరి. దానిని పెక్కేండ్లు నడపినది ఎస్టెల్ విథర్‌స్పూను. 1968లో సంఘము 23 ఎకరముల నేల కొని, అందు కొంత, ఓటు కారణముగా వెళ్ళగొట్టబడిన కుటుంబములకు ఇండ్లు కట్టుకొనుట కమ్మెను. మఱుసటి యేట కుట్టుపనికి సొంత కట్టడము లేచెను. రాత్రివేళ చేయు పని పగటిపని యయ్యెను. దానికి కూలి వచ్చెను.

ఇందులో ఒక చిక్కు వచ్చెను. దూరపు నగరముల అంగళ్ళవారు కోరినది ఒకేతీరు బొంత. కుట్లు సమముగా నుండవలెను, నమూనా తప్పరాదు, పదవ బొంత మొదటిదానివలెనే యుండవలెను. 1972లో సియర్స్ అను పెద్ద వ్యాపారసంస్థవారు కార్డురాయ్ గుడ్డతో దిండుగలేబులు కుట్టి యిచ్చుటకు సంఘముతో ఒడంబడిక చేసికొనిరి. గీతలుగీతలుగా మందముగా నుండు ఆ గుడ్డలో కత్తిరింపగా మిగిలిన బంగారువన్నె, ఎఱుపు, ఆకుపచ్చ ముక్కలను స్త్రీలు సంచులలో ఇంటికి తీసికొనిపోయిరి. పగలంతయు అన్యుల కొలతలకు కుట్టిన చేతులు, ఇంట మరల అదే గుడ్డను పట్టి, ఈమాఱు 'నా తీరు'న కుట్టెను. ఆ కార్డురాయ్ బొంతలు జీస్ బెండ్ బొంతలలో మిక్కిలి యందమైనవానిలో చేరును. ఈ రెండవపనికి చలి యొక్కటియే కారణము కాదు. కూలి అసలే కాదు. చేలోను, కుట్టుశాలలోను పని యొకరు చెప్పినట్లు జరుగవలెను. ఏ ముక్క ప్రక్కన ఏ ముక్క యుండవలెనో తానొక్కతెయే నిర్ణయించు చోటు ఆ స్త్రీకి దినమంతటిలో ఆ బుట్టదగ్గఱ తప్ప మఱెక్కడ నుండెను?

తరువాతి సంగతులు క్లుప్తముగా చెప్పవచ్చును. 2002 ప్రదర్శనముతో పేరు వచ్చెను, వెలలు పెరిగెను. పేరుతో తగవులును వచ్చెను; తమ బొంతలవలన వచ్చిన సొమ్ములో తమకు తగినంత ముట్టలేదని 2007లో కొందఱు స్త్రీలు వ్యాజ్యములు వేసిరి, 2008లో అవి రాజీ అయ్యెను. సహకార సంఘము 2012లో మూతపడెను. బానిసకాలమున కుట్టిన బొంతలు మాత్రము ప్రదర్శనములలో లేవు. ఆ యిండ్లలో బొంతను ఎవరును దాచిపెట్టుకొనలేదు. చినుగువఱకు కప్పుకొనిరి, చినిగినదానిపై మఱొకటి కప్పి కుట్టిరి, మఱి పనికిరానిదానిని దోమలు పోవుటకై ముంగిట తగులబెట్టి పొగ వేసిరి.

శీతకాలము గడచిన పిమ్మట బొంతలను బయట తీగలమీద వ్రేలాడదీసి గాలికి ఆరవేయుట ఆ యూరి పాత యలవాటు. 2022 అక్టోబరులో ఆ యలవాటు పేరుతోనే ఊరివారు ఒక పండుగ ఆరంభించిరి. ఆ దినమున ఇండ్లముందర, చెట్లనడుమ కట్టిన తీగలమీద పాతవి, క్రొత్తవి కలిపి బొంతలు వ్రేలాడుచుండెను; వానిని కుట్టినవారిలో కొందఱు ప్రక్కనే కుర్చీలు వేసికొని కూర్చుండి, వచ్చినవారికి ఏ ముక్క ఎవరి చొక్కాలోనిదో చెప్పుచుండిరి.